హౌ ఇంటి తలుపు

ఉత్తర చైనాలో ఆ చలికాలం కమ్యూనిస్టుల ఎర్రసైనికులు ఊళ్లో తలుపులన్నీ ఊడదీసి, వాటిమీద పడుకుని, తెల్లవారకముందే మళ్లీ బిగించి వెళ్లిపోయారు. భూస్వామికి ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వణుకు తగ్గడం లేదు.

“తలుపేసే ఉంది కదే, ఈ గాలి ఎక్కణ్ణుంచి?” అని భార్యనడిగాడు.

“అది మన తలుపు కాదండీ. చీకట్లో మార్చి బిగించారు. ఇది మన కౌలుదారు హౌది.”

“దొంగవెధవలు!”

“దొంగలైతే తిరిగిస్తారా? నిరుడు మన సర్కారు సైనికులు పేదోళ్ల తలుపులన్నీ మంటల్లో వేసుకుని చలి కాచుకున్నారు. అప్పుడు మీరు నోరెత్తలేదు.”

“సర్లే, మన తలుపు మోసుకురమ్మని హౌకి చెప్పు.”

“చెప్పొచ్చాను. లోపల్నుంచే మాట్లాడాడు. తలుపు తియ్యలేదు.”

“నా తలుపేసుకుని నాకే తియ్యడా! పిలిస్తే పరిగెత్తుకొచ్చేవాడికి ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచొచ్చింది?”

“మన అబ్బాయి బదులు అతని కొడుకుని తాళ్లతో కట్టించి సైన్యానికి పంపారుగా. ఇంక దేనికి భయపడతాడు?”

ఆయన గొంతు తగ్గింది. “ఇంతకీ ఏమన్నాడు?”

“మొన్న కోతలప్పుడు కౌలు గింజల కోసం మీరు తన్నితే తన తలుపుకి కింద చిల్లి పడిందట. గాలి అక్కణ్ణుంచే వస్తోందా అని అడిగాడు.”