పేరు పిలవని తరగతి

సోలాపూర్, జోడ్‌భావి పేట్. 1989 ఆగస్టు నెలాఖరు. కరెంటు పోయి మగ్గాలు ఆగడంతో అంబాదాస్, కుమఠా నాకా దగ్గరి కార్ఖానా నుంచి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. పుణెలో బీయెస్సీ మూడో ఏడు చదువుతున్న కూతురు గోదావరి ఆ పొద్దుటి బండికి దిగింది.

"మరి సుట్టీ ఎన్నొద్దులు బిడ్డా?"

"రెండొద్దులు నాయినా. మూడేమో."

"రెండా, మూడా?"

"చూడాలె. నువ్వు ముందు తిను. అన్నం సల్లగైతది."

"తింటున్న. ఏం సుట్టీ ఇది? పండుగ గిట్ల ఏం లేదు గద."

"ఆడ ఏదో ఉంది. యునివర్సిటీల అట్లనే ఇస్తరు."

"ఇస్తరు, ఇస్తరు. ఈడి రెండేండ్ల కాలేజీ లెక్కనా! వర్గల, గదే క్లాసుల, ఎందరుంటరు?"

"నూటిరవై మంది."

"అబ్బో! అందరి పేర్లు పిలుస్తరా?"

"పిలుస్తరు."

"నీ పేరు ఎన్నోది?"

"యాదికి లేదు."

"ఈడ ఏడోది ఉండె. నాకే యాదికున్నది, నీకు లేదా?"

"నాయినా, చాయ్ పెట్టాల్నా?"

"అన్నం తింటుంటె చాయేందే?"

"తిన్నంకనే. అమ్మ ఎప్పుడొస్తది?"

"చుట్టిన బీడీలు అప్పజెప్పి రావాలె గద. పొద్దుమీకి వస్తది. ఇంట్ల ఎవ్వరు లేరు. నువ్వు, నేనే."

"ఊఁ."

"మగ్గాలు గూడ బందున్నయి. గల్లీ అంత నిమ్మలమున్నది. మెల్లగ మాట్లాడినా ఇనవడ్తది."

"మాట్లాడుతనే ఉన్న గద నాయినా."

"ఉన్నవు, ఉన్నవు. ఆడి సాహెబులు మంచోళ్లేనా?"

"ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే. రాజారాం అడుగుతుండు. మా పక్క మగ్గం నడుపుతడు గద, వాని కొడుకు గూడ మూడో ఏడే. పరీక్ష ఫారం నింపిండట. మీ గోదావరి నింపిందా అంటడు. నాకేం తెల్వాలె?"

"నింపుత."

"ఎప్పుడు?"

"నింపుత అన్న గద!"

"అరువకు."

"అరుస్తలేను."

"సరె. అరుస్తలేవు. ఇంకింత చారు పొయ్యి."

"నాయినా."

"ఆఁ."

"నా పేరు పిలవరు."

"ఏంది?"

"వర్గల. అందరి పేర్లు పిలుస్తరు. నాది పిలవరు. పుస్తకంల నా పేరే లేదు."

"లేదా? జూన్‌ల రాసిన్రు గద. నువ్వే చెప్పినవ్."

"పెన్సిలుతోటి రాసిన్రు. కాగితాలన్ని చూసినంక పక్కా చేస్తమన్నరు. చూసిన్రు. ఈడ నేను చదివిన రెండేండ్లు ఆడ చెల్లవట."

"చెల్లవా? ఫెయిలైనవా?"

"ఫస్ట్ క్లాస్ నాయినా. ఫస్ట్ క్లాసే చెల్లదు."

"నాకర్థమైతలేదు. నిమ్మలంగ చెప్పు."

"ఈ కాలేజీ ఒక యునివర్సిటీ కింద ఉన్నది, ఆడిది ఇంకోటి. ఆడ రెండో ఏట ఒక పాఠం, ఒక పేపరు, ఎక్కువ ఉంటది. ఈడ అది లేనే లేదు."

"ఏం పాఠం?"

"లెక్కలే. ఇంకో రకం లెక్కలు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"అయితే ఆ ఒక్కటి ఇప్పుడు చదివి రాయి. పోగు తెగితె పోగు అతుకుతం గని, నూలు చుట్టిన బీమంత ఇప్పుతమా?"

"నేను గూడ అదే అడిగిన. అట్ల నియమం లేదంటరు. మళ్ల మొదటి ఏడు కెంచి చదవాల్నట. అది గూడ ఇప్పుడు జాగా లేదు. వచ్చే జూన్‌ల రమ్మన్నరు."

"మొదటి ఏడా? రెండేండ్లు చదివినంక మొదటి ఏడా?"

"ఊఁ."

"పోనీ ఈడనే మళ్ల..."

"పోయిన నాయినా. పొద్దుగాల బండి దిగి సీదా కాలేజీకే పోయిన. టీసీ దాఖలా తీస్కపోయినవ్, నీ పేరు కొట్టేసినమన్నరు. కొట్టెయ్యకున్నా ఏమున్నది? ఈ ఊళ్ల నా సబ్జెక్టుకు మూడో ఏడే లేదాయె."

"మీ సారు? నిన్ను పుణె పొమ్మన్నదే ఆయన గద. ఇంటికొచ్చి నాకు చెప్పె, ఈ పిల్లను ఆపకు అంబాదాస్ అని."

"తల పట్టుకున్నడు. గిట్లయితదని నాకూ తెల్వకపాయె బాయీ అన్నడు. చాయ్ తాపిచ్చిండు."

"చాయ్ తాపిచ్చిండు."

"ఆయన మాత్రం ఏం జేస్తడు."

"నేనొస్త. రేపటి బండికి నీతోని నేనొస్త. ఆడి ఆఫీసు సాహెబు కాళ్లు పట్టుకుంట."

"కాళ్లు పట్టుకుంటె పాఠం వస్తదా?"

"మేం మగ్గపోళ్లం, మాకు ఈ నియమాలు తెల్వయి సాహెబ్ అంట."

"ఆయన చెడ్డోడు కాదు నాయినా. పోయినప్పుడల్ల కుర్చీ ఏస్తడు. మూడుసార్లు నా అర్జీ పైకి పంపిండు, మూడుసార్లు మర్లి వచ్చింది. నాకు గూడ నీ అంత బిడ్డ ఉన్నది బాయీ, నా చేతుల లేదు అన్నడు. కార్ఖానల పోగు తెగితె ఏ మగ్గం కాడ తెగిందో చెప్తవ్ నువ్వు. దీన్ల ఎవ్వల తప్పున్నదో దొరుకుతలేదు. ఎవల్నన్న తిట్టుకుందమన్నా మనిషి లేడు."

"క్లాసులన్న కూసోనిస్తున్నరా?"

"ఎవ్వలు ఎల్లగొట్టలే. పేర్లు పిలిచేటప్పుడు బయట నిలవడ్త. అయిపోయినంక పోయి ఎనుక బల్ల మీద కూసుంట. మొన్న ఒక లెక్క ఎవ్వలకు రాలే. నేను పోయి బోర్డు మీద చేసిన. భేష్, నీ రోల్ నంబరెంత అన్నడు సారు."

"ఏం జెప్పినవ్?"

"బయటికొచ్చిన. హాస్టల్ ఖోలీ గూడ పేరున్నోళ్లకేనట. ఐతారం వరకు ఖాలీ చెయ్యాలె. సామానంత ఆడనే ఉన్నది."

"మరి బాల్‌వాడీల చిన్నపిల్లలకు చెప్పే నౌకరీ? వాళ్లు నిన్ను రా రా అన్నరు గద. చదువుకు పోతున్న అని నువ్వే వద్దంటివి."

"నాతోని చదివిన కమలను పెట్టుకున్నరు. వస్తుంటె దార్ల కనవడ్డది. పిల్లల్ని తోల్కపోతుంది. పుణె ఎట్లున్నదే అని అడిగింది."

"ఏమన్నవ్?"

"పెద్దగున్నదన్న."

"ఎన్నొద్దులైంది నీకిది తెలిసి?"

"నెల."

"నెల! కార్డులు రాస్తివి గద. ఒకటి కాదు, రెండు."

"రాసిన."

"అంత మంచిగున్నదని రాస్తివి."

"మరేం రాయాలె? నువ్వు కార్డు పట్టుకపోయి కార్ఖానల అందరికి చదివిపిస్తివాయె. రాజారాం కాకకు, సిద్ధరాములు సేటుకు... వాళ్ల ముందల నువ్వు ఏ మొఖం పెట్టుకొని నిలవడాలె?"

"నా మొఖం సంగతి నీకెందుకు?"

"నాకు కాకపోతె ఎవరికి?"

"సరె. ఇప్పుడేం జేద్దాం?"

"ఏం లేదు. అమ్మతోని బీడీలు చుడ్త."

"ఏయ్."

"చిన్నప్పటి కెంచి వస్తది నాకు. ఆకు కత్తిరిచ్చుడు, చుట్టుడు, దారం కట్టుడు. దానికి ఎవ్వలు దాఖలా అడగరు. ఏ ఊళ్ల నేర్సుకున్నా అన్ని ఊళ్ల చెల్లుతది."

"నోరు మూయ్! నోరు మూయ్ బిడ్డా. ఆ మాట మీ అమ్మ ముందల అనకు."

"అనను."

"వచ్చే జూన్ వరకు ఆగుదాం. మొదటి ఏడంటె మొదటి ఏడే. మళ్ల చదువు."

"మూడేండ్లు నాయినా. ఒకటి గాదు. అప్పటికి నాకు ఇరవైనాలుగు. మధ్యల ఇంకేదన్న నియమం వస్తె?"

"రాదు."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెల్వదు. నాకేం తెల్వదు. ఊకెనే అన్న."

"నాయినా, తిట్టు నన్ను."

"ఎందుకు?"

"నెల దినాలు అబద్ధం చెప్పిన. ఇప్పటిదాక చెప్తనే ఉన్న. తిట్టు. నువ్వు గిట్ల మెల్లగ మాట్లాడుతుంటె నాకు భయమైతుంది."

"నువ్వు అన్నం తిన్నవా?"

"మాట మార్చకు. నేను చెప్తుంటె నువ్వు ఉలికిపడను గూడ పడలే. నీకెవలన్న చెప్పిన్రా?"

"ఎవ్వలు చెప్పలే. ఈ పాఠం సంగతి, పేరు సంగతి, అంత ఇప్పుడు నువ్వు చెప్తెనే ఇంటున్న."

"మరి?"

"చెయ్యి కడుక్కుంట. చెంబు ఇటియ్యి."

"నాయినా!"

"పోయిన మంగళారం నేను కార్ఖానకు పోలే. కుంభారి ఊరికి పోతున్న అని మీ అమ్మకు చెప్పి పుణె బండెక్కిన."

"పుణె? నువ్వా? ఎందుకు?"

"నీ రెండో కార్డు వచ్చినంక."

"మంచిగున్న అనే రాసిన గద నాయినా."

"నువ్వెన్నడు అంత మంచిగ రాయవు. అందుకే వచ్చిన."

"నాకు కనవడలేదు నువ్వు."

"నువ్వు నాకు కనవడ్డవ్. ఆఫీసు మెట్ల మీద కూసోని ఏడుస్తున్నవ్. దగ్గెరకొస్తె ఏమైందని అడగాలె, నువ్వు చెప్తె నాకు ఆడ ఏం జెయ్యొస్తది? స్తంభం ఎనుక నిలవడ్డ. నువ్వు లేసి, మొఖం కడుక్కొని, లోపలికి పోయిందాక చూసి, మళ్ల బండెక్కిన బిడ్డా."