వెనక్కి తిరిగిన మోటారు

"ఆ మోటారు కాలి బొగ్గయిపోయిందండీ. మూత తీయగానే మాడిన వాసనకి గదిలో వాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు. మా శిక్షణ కేంద్రంలో మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'దీనికి మళ్ళీ తీగ చుట్టాలంటే రెండు రోజుల పని' అన్నారు. నేను ఒక్క పూటలో చుట్టి పడేశాను."

ఇలా మొదలైంది. బస్టాండు పక్క టీకొట్టులో, బల్ల మీద మఠం వేసుకుని కూర్చున్న ఆ పెద్దమనిషిని అందరూ ఇంజినీరు అంటారు. ఆ బిరుదు ఏ కాలేజీ ఇచ్చిందీ కాదు, ఆయన నోరు సంపాదించుకున్నది. టీకొట్టు నడిపే ఆవిడ ఆయన చెల్లెలు. ఆవిడ కూతురు, పద్దెనిమిదేళ్ళ పిల్ల, చేతిలో దరఖాస్తు పట్టుకుని పొద్దున్నుంచీ తల్లి చుట్టూ తిరుగుతోంది. ప్రభుత్వం వాళ్ళ శిక్షణ కేంద్రంలో మోటార్లు బాగుచేసే కోర్సు. ఆరు నెలలు నేర్పించి, చివర్లో పని కూడా చూపిస్తారు. ఇక తల్లి సంతకమే తక్కువ. బస్సెక్కి వెళ్ళి ఇచ్చి రావాలి, ఐదింటికి దరఖాస్తులు తీసుకోవడం ఆపేస్తారు. అప్పటికే నాలుగు దాటింది.

"ఇరవై మంది మగపిల్లల మధ్య ఒక్కదానివి. ఏదో ఒకటి తప్పు చేస్తావు, అందరూ నవ్వుతారు, ఏడుస్తూ ఇంటికొస్తావు" అంటుంది తల్లి. అందుకే మేనకోడలి తరఫున ఇంజినీరు రంగంలోకి దిగాడు.

"ఒక్క పూటలోనే?" అన్నాడు పోస్ట్‌మాన్, టీ ఊదుకుంటూ.

"పూట అంటే పూర్తి పూట కాదులెండి, మధ్యలో భోంచేసి కాసేపు కునుకు తీశాను కూడా. ఎంత బిగువుగా చుట్టానంటే, మాస్టారు ఉత్సాహం కొద్దీ స్విచ్చి వేసి, మళ్ళీ ఆపేశారా, కరెంటు ఆగింది గానీ మోటారు ఆగలేదు! అరగంట తిరిగింది. దాన్ని ఆపడానికి ఇద్దరు కుర్రాళ్ళు పట్టుకుంటే, వాళ్ళు కూడా తిరిగారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్తే తెలుస్తుంది మామయ్యా" అంది పిల్ల, గోడ గడియారం వంక చూస్తూ.

"అది తిరగడం బాగానే తిరిగింది గానీ, వెనక్కి తిరిగింది. మామూలు మోటారు వెనక్కి తిరిగితే ఎవరు పట్టించుకుంటారు? అది నేను చుట్టిన మోటారు! పంపుకి తగిలించగానే డాబా మీద ట్యాంకులో నీళ్ళన్నీ గటగటా బావిలోకి దిగిపోయాయి. సరే అనుకున్నాం. అంతలో వీధిలోంచి కేకలు. కొళాయి కింద పెట్టిన బిందెల్లో నీళ్ళు కొళాయిలోకి ఎక్కిపోతున్నాయి. ఒకావిడ బట్టలు ఉతుకుతోంది, చేతిలో చీర ఉన్నపళంగా ఎండిపోయింది, ఇస్త్రీ చేసినట్టు. ఎవరో గ్లాసెత్తి నోట్లో పోసుకోబోతే చుక్క లేదు. గ్లాసు మాత్రం ఈల వేసింది."

పోస్ట్‌మాన్ తన గ్లాసుని చటుక్కున అరచేత్తో మూసుకున్నాడు. బల్ల చివర కూర్చున్న ఎదురు కొట్టు దర్జీ ఒళ్ళో చొక్కాకి కాజాలు కత్తిరించుకుంటున్నాడు. పెదవుల మధ్య సూది ఉన్నా, నవ్వు కూడా అక్కడే ఉంది.

"అన్నయ్యా, కొంచెం తగ్గించు" అంది చెల్లెలు.

"తగ్గించే చెప్తున్నానమ్మా, ఉన్నదున్నట్టు చెప్తే నువ్వు తట్టుకోలేవు. ఊరవతల నది ఉంది కదా, అది ఆగింది. ఒక్క క్షణం ఆలోచించుకుంది. తర్వాత కొండెక్కడం మొదలుపెట్టింది! చేపలన్నీ పుట్టిళ్ళకి బయల్దేరాయి. కురుస్తున్న వాన ఉందే, అది నేల మీంచి లేచి మబ్బుల్లోకి వెళ్ళిపోయింది. గొడుగులు తిరగేసి పట్టుకున్నారు జనం. సరిగ్గా ఆ సమయానికే తనిఖీకి పెద్దాఫీసరు వచ్చాడు. ఇంకో నెలలో రిటైరవుతాడాయన. మోటారు పక్కన నిలబడి, 'ఏమిటయ్యా ఇది?' అన్నాడు. అనేసరికి బట్టతల మీద గరుకుగా ఏదో మొలిచింది. చూస్తుండగానే నల్లటి జుట్టు! కళ్ళజోడు జారిపోయింది, పొట్ట లోపలికి పోయింది. నేను గానీ పరుగెత్తి స్విచ్చి తియ్యకపోతే ఆయన్ని ఉయ్యాల్లో వేసి ఇంటికి పంపాల్సి వచ్చేది. పాపం, ఆయనకి ఇంకా ముప్పై ఏళ్ళ సర్వీసు మిగిలిపోయింది!"

కొట్టంతా గొల్లుమంది. చెల్లెలు కూడా గిన్నె వెనక మొహం దాచుకుంది.

"మరి అంత పనిమంతుడికి ఉద్యోగం ఇవ్వలేదా?" అన్నాడు పోస్ట్‌మాన్.

"ఇవ్వలేదా! మర్నాటి నుంచి ఉత్తరాలు. రోజుకో గోతం. 'మా దగ్గరికి రండి, మా దగ్గరికి రండి' అని. ఆ ఉత్తరాలు విప్పడానికి నలుగురు కుర్రాళ్ళని పెట్టారు, జవాబులు రాయడానికి పదిమందిని, ఆ పదిమందికి టీలు మోయడానికి ఇంకొకణ్ణి. నేను చూశాను, ఇన్ని ఉద్యోగాలు ఒక్కణ్ణే ఏం చేసుకుంటాను? పంచేశాను. తలుపు తలుపూ తట్టి ఇచ్చాను. సాయంత్రానికి మన చుట్టుపక్కల పని లేనివాడు ఒక్కడూ లేడు."

"నువ్వు తప్ప" అంది చెల్లెలు.

"అన్నీ పంచేశాక నాకేం మిగుల్తుందే?"

అప్పుడు దర్జీ పెదవుల మధ్యనుంచి సూది తీశాడు.

"ఇంజినీరన్నా, ఆ రోజుల్లో మీ పక్క గదిలోనే నేను కుట్టుపని నేర్చుకున్నాను. కిటికీ దగ్గర మిషను నాదే."

ఇంజినీరు మఠం విప్పి కాళ్ళు కిందికి దించాడు.

"కోర్సులో చేరిన నాలుగో రోజు. మోటారు వెనక్కి తిరగడం మాత్రం నిజమే. నది ఎక్కడికీ పోలేదు. పంపులోంచి నీళ్ళు సన్నగా, దారంలా వచ్చాయి. అందరూ నవ్వారు. మాస్టారు, 'ఏం ఫరవాలేదు, కరెంటొచ్చే మూడు తీగల్లో ఏవైనా రెండు అటుదిటు మార్చు' అని చెప్పేలోపే నువ్వు గోడ దూకేశావు. నీ చెప్పులు వారం రోజులు గుమ్మంలోనే ఉన్నాయి."

పోస్ట్‌మాన్‌కి పొలమారింది. పిల్ల నవ్వలేదు. తల్లి చేతిలో టీ వడకట్టే జల్లెడ ఆగింది.

"ఇంకోటి నీకు తెలియదన్నా. మర్నాడు ఆ నవ్వినవాళ్ళలో ఆరుగురి మోటార్లు వెనక్కే తిరిగాయి. మొదటిసారి తీగలు కలిపితే సగం మందికి అలాగే అవుతుందట. మాస్టారు చెప్పారు."

"వాళ్ళేం చేశారు?" అని అడిగింది తల్లి. అడిగింది దర్జీనే గానీ, చూపు కూతురి మీద ఉంది.

"ఏం చేస్తారక్కా, తీగలు మార్చుకున్నారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు నీళ్ళ ట్యాంకు దగ్గర పనిచేస్తున్నాడు. మనం తాగే ఈ టీలో నీళ్ళు వాడు ఎక్కించినవే."

ఇంజినీరు బల్ల దిగాడు. కాసేపు చెప్పుల కోసం వెతుక్కున్నట్టు నేలకేసి చూసి, మేనకోడలి దగ్గరికి వచ్చాడు.

"నిజమేనే అమ్మాయ్. ఇరవై రెండేళ్ళయింది. రెండు తీగలు మార్చడానికి ఎంతసేపు పడుతుంది చెప్పు? నేను ఆ పాటి సేపు నిలబడలేదు. నిలబడలేదని చెప్పుకోలేక నదిని కొండెక్కించాను."

"అయితే నేను నిలబడతాను మామయ్యా" అంది పిల్ల. గొంతు చిన్నదే గానీ, తల్లికి వినపడింది.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. పోస్ట్‌మాన్ జేబులోంచి పెన్ను లాక్కుని, దరఖాస్తు బల్ల మీద పరిచి, నాలుక కొంచెం బయటపెట్టి, అక్షరం అక్షరం దిద్దుతూ సంతకం పెట్టింది.

"నాలుగు రోజులు నేర్చుకుని మా అన్నయ్య నదినే వెనక్కి తిప్పాడు" అంది, కాగితం కూతురి చేతిలో పెడుతూ. "ఆరు నెలలు నేర్చుకుంటే ఇదేం చేస్తుందో చూద్దాం. పరుగెత్తవే, బస్సు కదుల్తోంది!"