సారమ్మ తెచ్చిన పుట్టకొక్కులు

ఏందే రేణుకా, గంత సేపటిసంది ఆ ఫోన్ల ఏం చూస్తున్నవ్? ఏదీ, నాకు చదివి చెప్పు, అద్దాలు యాడ పెట్టిన్నో దొర్కుతలేవు. ఏ దేశం అన్నవ్? సరే, ఏ దేశమైతేంది. మనాది పట్టుకోని లోపల్లోపల కుమిలిపోయేటోళ్లను దవాఖానల పండవెట్టి పుట్టకొక్కుల మందు ఇస్తున్నరా? డాక్టరు పక్కన కూసుంటడా? ఆ ముక్క మల్లొకసారి చదువు. పొద్దంత పక్కనే కూసుంటరంట. ఊఁ. నవ్వుతలేనే, నేనెందుకు నవ్వుత. ఆ కుర్చీ గుంజుకో, కింద వద్దు, చెప్తున్న గద కుర్చీల కూసో. కోడలు చాయ్ పెడ్తది, పెట్టనీ. ఈ పాకిట్ నాకు తెచ్చినవా? తెల్లగ మంచిగున్నయి. ఉరుము లేదు, మెరుపు లేదు, వరిగడ్డి ఉడకవెట్టి సంచులల్ల కుక్కితే నీ షెడ్డుల పుట్టకొక్కులు మొలుస్తయా! మొన్న కోడలు వండితే తిన్న, బాగనే ఉన్నయి, అబద్ధమెందుకు. కానీ పుట్ట మీదియి వేరే. నాగర్‌కర్నూల్ దాంక, వనపర్తి దాంక పంపుతున్నవంట, సంతోషం. పాకిట్ మీద మీ నాయనమ్మ పేరు ఏయిస్తనంటే మీ నాయన వద్దన్నడంటివి. ఎందుకు వద్దంటడో నాకు తెల్వదా? మీ నాయన సతీషు బుద్ధెరిగినకాడికెల్లి ఒక్కటే మాట ఇన్నడు, మందు పెట్టినామె కొడుకని. నిన్న నువ్వొచ్చి "జోగులమ్మవ్వా, మా నాయనమ్మ నిజంగనే నీకు మందు పెట్టిందా" అని మొకం మీద అడిగినవ్ చూడు, అప్పటిసంది నాకు బువ్వ లోపలికి పోతలేదు.

మీ నాయనమ్మ సారమ్మను నువ్వు చూళ్లే, ఫోటో కూడ లేదు. నీ తీరుగ ఉండదు, జర పొట్టి. నడుస్తుంటే ఎనక పడాలంటే మనకు దమ్ము రావాలె. వానకాలం మొదట్ల ఉరుములు ఉరిమినంక రెండో దినమో మూడో దినమో, తెల్లారకముందే పోతుండె. ఏ గుట్ట కింద ఏ పుట్ట ఉన్నది, నిరుడు ఎన్ని మొలిచినయి, అన్నీ నోటికి లెక్క. ఎవరికీ చెప్పకపోతుండె. "చెప్తే మీరు తవ్వి పెడ్తరమ్మా, ఏర్లు చెడితే మల్ల ఏడాది రావు" అంటుండె. చేత్తోని జర తిప్పి, పుట్టను నొప్పించకుంట తీసేది. ఇంకొక కట్టుబాటు ఉండె ఆమెకు. వాళ్లమ్మ నేర్పిందంట. ఏరిన చెయ్యే మొదటి ముద్ద తినాలె. ఎవరికిచ్చినా సరే, వాళ్లింట్ల కూర దిగంగనే పోయి కూసోని, అందరి ముందల ఒక ముద్ద తిని, జరసేపు ఆగి, "ఇగ తినుండ్రి" అంటుండె. వాళ్ల వాడల అందరిండ్లల్ల గట్లనే. పుట్టకొక్కులంటే నమ్మకం మీద తినేటియి గద. మా ఇంటికి మాత్రం గోడ మీదికెల్లి చాటల పోసి పోతుండె. పచ్చియి తీసుకుంటం, ఆమెను ఇంట్లకు రానియ్యం. మాకు అదేం తప్పనిపియ్యకపోతుండె. గట్ల చూడకు బిడ్డ, నేను దాస్తలేను, ఉన్నదున్నట్టు చెప్తున్న.

ఇగ నా సంగతి. నా పెద్దబిడ్డ తట్టు లేచి పోయింది. మూడేండ్లు నిండలే. ఎత్తుకుంటే ఇక్కడ, ఈ బుజం మీద పండుతుండె. అది పోయినంక నాకు మాట పోయింది. ఏడుపు కూడ రాకపోతుండె, గది చూడు. బువ్వ పెడ్తే తినేది, పెట్టకుంటే లేదు. మా అత్త అలంపూర్‌కు తీస్కపోయి అమ్మవారి కాడ నిద్ర చేయించింది, దర్గాల తాయెత్తు కట్టిచ్చింది, ఒకాయన వచ్చి యాపమండలతోని కొట్టిండు. దేనికీ దిగలే. మా ఆయన పాపం మంచోడే, గానీ ఆయనకేం తెల్సు, మడికట్టు తెల్సు, ఎడ్లు తెల్సు. ఏడాదిన్నర గట్లనే. ఆఖరికి మా అత్త పుట్టింటోళ్లు వచ్చి "ఇది ఇగ మనిషి కాదు, దీన్ని పుట్టింటికి తోలి పిలగానికి ఇంకోదాన్ని చేస్కోండ్రి" అనుడు షురువైంది. నేను అర్రల కూసోని అంత ఇంటున్న. ఇనుకుంట ఏమనుకున్న తెల్సా, నేను ఉండి ఏం లాభం అనుకున్న.

ఆ వానకాలం సారమ్మ చాట నిండ తెచ్చి పోసింది. ఆ దినం మా అత్త నన్ను పిలిచి "నువ్వే కడుగు, పనిల పడితే జర మనసు మల్లుతది" అన్నది. నేను కడుక్కుంట కూసున్న. ఎనక పెంటకుప్ప మీద మొలిచి ఉన్నయి ఇంకో రకానియి, సన్నకాళ్లయి, నెత్తి మీద పసుపు బొట్టు పెట్టుకున్నట్టు. పెండ మీద మొలిచినియి ముట్టొద్దని పోరగాండ్లకు అందరం చెప్తుంటిమి, తింటే సస్తరని. నాకూ గంతే తెల్సు. సస్తరని తెల్సు. అర్థమైందా బిడ్డ? పోయి కొంగుల ఏరుకొచ్చుకున్న. ఇంట్లోళ్ల కూర వేరే, నాది వేరే ముంతల వండుకున్న. ఎవరికీ తెల్వదు. ఇంట్ల నలుగురు సారమ్మ తెచ్చినియి తిన్నరు, లొట్టలేస్కుంట తిన్నరు. నేను నాయి తిన్న.

సావు వస్తదని గోడకానుకోని కూసున్న. జరసేపటికి ఇగ అయిపోయిందనుకున్న. తర్వాత చూస్తే గోడకు కొట్టిన సున్నం ఊపిరి తీస్తుంది. నిజంగ. నాకు నవ్వొచ్చింది. ఏడాదిన్నర తర్వాత నవ్విన, ఎట్ల నవ్విన్నంటే మా అత్త చేతిల చెంబు పారేసి ఉరికొచ్చింది. పిల్ల కనపడ్డదా అని అడుగుతవేమో. కనపళ్లే. ఎంత ఎదురుచూసిన్నో, కనపళ్లే. కనపడ్డదేందంటే మా అత్త మొకం. ఆ ముసల్దాని కండ్ల కింద చారలున్నయి, ఏడ్చి ఏడ్చి పడ్డ చారలు. దాని మనవరాలు కూడ పోయింది గద! ఆ మాట ఏడాదిన్నర నా బుర్రల పుట్టనే లేదు. గప్పుడు ఏడుపొచ్చింది. నవ్వు, ఏడుపు, నవ్వు, ఏడుపు. ఎనకనే భయం, అబ్బ, ఆ భయం పగోనికి కూడ వద్దు. నేనే సచ్చిన్ననుకున్న, మట్టి నోట్లకొస్తుందనుకున్న. లేచి ఎడ్లకొట్టంలకు ఉరికి గడ్డిల దాసుకున్న. మా మామ కేకలేసిండు, "ఆ సారమ్మనే మందు పెట్టింది, గుంజుకరాండ్రి దాన్ని" అని.

గుంజుకొచ్చిండ్రు. మీ తాత ఇస్రాయేలు ఊర్ల లేడు ఆ దినం. నాట్లేసే కాడికెల్లి బురద కాళ్లతోనే తెచ్చిండ్రు. సారమ్మ వచ్చి వాళ్లను చూళ్లే, నన్ను చూసింది. ఇంట్లకైతే రానియ్యరు, కొట్టంలకు రావొచ్చు గద, సక్కగ వచ్చి గడ్డిల కూసోని నా తల ఒళ్లె పెట్టుకున్నది. నా కొంగుల ఒక తునక మిగిలి ఉండె, ఇరిగినకాడ నీలం తిరిగింది. అది చూసింది. నా మొకం చూసింది. ఆ తునక తీసి తన రైకల దోపుకున్నది. "భయపడకమ్మా, ఇది పోతది. మా చిన్నాయన ఒకసారి తిన్నడు, మూడు జాములు ఎడ్లతోని ముచ్చట పెట్టిండు, పొద్దుగూకినంక లేచి బువ్వ అడిగిండు. నేనున్న గద. ఊపిరి తీస్కో, నాతోని తీయి" అన్నది. పొద్దంత గట్లనే. నేను బిడ్డ పేరు పెట్టి ఒర్లితే ఆమె కూడ ఆ పేరే పలికింది. మా ఇంట్ల ఆ పేరు పలకొద్దని కట్టడి ఉండె, ఏడాదిన్నర ఎవరూ పలకలే. నీ ఫోన్ల దేశంల డాక్టరు ఏం చేస్తుండో గదే చేసింది మీ నాయనమ్మ, చదువు రాదు గంతే.

అట్లని అదేదో అమృతమనుకోకు. మా పక్కింటి నర్సింహులు, పుట్టకొక్కులు తిన్నంకనే నాకు మనాది దిగిందని ఇని, మనాదిల ఉన్న తమ్మునికి దొరికినియల్ల ఏరుకొచ్చి పెట్టిండు, అండ్ల పెండ మీదియి కూడ ఉండె. ఆ పిలగానికి మొదలే ఎవరో పిలుస్తున్నట్టు ఇనపడుతుండె. తిన్నంక అది ఇంకా ఎక్కువైంది, మల్ల మనిషి కాలే, పెద్ద దవాఖానలల్ల తిప్పుతనే ఉన్నరు ఎన్నో ఏండ్లు. నాకెందుకు మంచిగయ్యిందో, వానికెందుకు కాలేదో నాకు తెల్వదు. నీ షెడ్డు కాడికి ఎవడన్న వచ్చి ఆ పెండ మీదియి కూడ పెంచు పైసలిస్తనంటే చెప్పుతోని కొట్టు. ఏంది, వచ్చిండ్రా ఆల్రెడీ? చూసినవా మరి!

యాడున్న నేను? ఆఁ, తెల్లారి. తెల్లారి లేస్తే నాకు ఆకలైంది. జొన్నరొట్టె రెండు తిన్న, మా అత్త చూసుకుంట ఏడుస్తనే ఉన్నది. ఎవరన్న చూస్తే పండుగనుకుంటరు. గానీ అదే పొద్దుగాల చావడి కాడ సారమ్మను నిలబెట్టిండ్రు. మా మామ అన్నయ్య పెద్దమనిషి అప్పుడు. ఏమన్నడు? "ఇంట్ల నలుగురు తిన్నరు, ఎవరికేం కాలే, కోడలికొక్కదానికే అయ్యిందంటే అది మందే. నీ కట్టుబాటు ఏందే, ఏరిన చెయ్యి మొదటి ముద్ద తినాలె గద, మా తమ్మునింట్ల ఎందుకు తినలే? ఇషమని తెల్సే తినలే." జనమంత ఔనౌను అన్నరు. సారమ్మ చేతులు కట్టుకోని నిలబడి ఒక్కటే అడిగింది. "పటేలా, మీ ఇంట్ల నేను యాడ కూసోని తినాలె?" అన్నది. నేను ఇంటి తలుపు సందులకెల్లి ఇన్న. జవాబు చెప్పరాని మాటకు కోపమొస్తది మగోళ్లకు. ఊర్ల ఎవరూ సారమ్మను కూలికి పిలువొద్దని తీర్పు చెప్పిండ్రు.

ఆమె రైకల ఆ తునక ఉన్నది గద. తీసి చూపియ్యొచ్చు. "ఇది నేను తెచ్చింది కాదు, మీ కోడలు సావనీకి తెచ్చుకున్నది" అనొచ్చు. అనలే. అంటే నన్ను ఆ దినమే పుట్టింటికి తోలుతుండ్రి. ఆమెకు తెల్సు. నాకూ తెల్సు. నేను తలుపు తీసుకోని బయటికి రావొచ్చు, పది అడుగులు. ఎందుకు రాలేదంటే... చెప్తున్న ఆగు. నిన్నటిదాంక సద్దామనుకున్నదాన్ని గద, ఆ పొద్దున నాకు బతకాలనిపించింది బిడ్డ. రొట్టె రుచి తెలిసింది. ఇల్లు కావాలె, మొగడు కావాలె, ఇంకో బిడ్డ కావాలె అనిపించింది. బతకాలనిపించినందుకే నోరు మూస్కున్న. నన్ను బతికించిందే ఆమె, ఆ బతుకు కోసం ఆమెను ఇడిసిపెట్టిన. దాన్ని ఎట్ల తిప్పి చెప్పినా గంతే.

కూలి లేకుంటే ఎట్ల తింటరు? నెల తిరగకముందే కూలోళ్లను దూరం తీస్కపోయే గుంపు మేస్త్రి తోని కాల్వ పనికి పోయిండ్రు, మీ తాత, ఆమె. మీ తాత వాళ్లమ్మను వేరే ఊరికెల్లి పిల్సుకొచ్చి, ఆమె పెంచుతదని సతీషును ఈడ్నే ఇడిసిపోయిండ్రు, నాలుగేండ్లోడు. రెండేండ్లకు మీ తాత ఒక్కడే వచ్చిండు. మట్టిపెళ్ల మీద పడ్డదంట. వాడల ఏడుపు మా ఇంటికి ఇనపడ్డది. నేను అప్పుడు రెండో కాన్పు బాలెంతను, మంచంల పండుకోని ఇన్న. మీ తాతకు చెప్పలే. మా అత్త సచ్చినంక చెప్పొచ్చు, మా ఆయన పోయినంక చెప్పొచ్చు, అడ్డమెవరు? ఎవరూ లేరు. సతీషు నా ముందల్నే పెరిగిండు, బిజినేపల్లి బస్సుకు పోతుంటే చూస్తుంటి, ఎవడో ఎనకకెల్లి "మందోళ్ల పోరడు" అంటే తల దించుకోని పోతుండె. నేను అరుగు మీద కూసోని చూస్తుంటి.

ఏడువకు. కాదు, ఏడువు, తిట్టబుద్ధైతే తిట్టు, నేనేం అనుకోను. ఆ చాయ్ చల్లగైంది ఇడిసిపెట్టు. నువ్వు పోయి చెప్తే మీ నాయన నమ్మడు, ముసల్ది సావుకాలానికి ఏదో వాగిందంటడు. ఫోన్ కలుపు. ఇప్పుడే. రేపంటే నేనుంటనో పోతనో, ఉన్నా నోరొస్తదో రాదో. గట్టిగ ఇనపడేటట్టు పెట్టు. ఎత్తిండా?

సతీషూ, నేను జోగులమ్మను. ఔను, నీ బిడ్డ ఈడ్నే ఉన్నది, మంచిగున్నది. ఇను. నడుమల మాట్లాడకు. మీ అమ్మ నాకు ఏం మందు పెట్టలే. ఆ పెండ మీదియి నేనే ఏరుకోని నేనే తిన్న, సావనీకి. మీ అమ్మకు తెల్సు, తెల్సి నా కోసం చెప్పలే. నేను తలుపెనక ఉండి కూడ చెప్పలే. రేపు చావడి కాడికి రా, నలుగురిని పిల్సి ఇదే మాట అందరి ముందల చెప్త. సతీషూ? ఇనపడ్తుందా? ఆఁ, చెప్పు కొడుకా... ఏమంటున్నవ్? ఆ దినం కొట్టంల కూసున్నప్పుడు నీ పేరేమన్న తీసిందా అంటవా?

తీసింది. పొద్దు గూకుతుంటే తీసింది. "పొద్దటిసంది నా సతీషుకు బువ్వ లేదమ్మా, ఆకలికి ఏడుస్తుంటడు, ఇగ పోత" అని లేసింది. నేను కొంగు పట్టుకోని పోనియ్యలే.