వేడి పెట్టెలో చిప్పు

డిజైన్ గదిలో ఇద్దరే ఉన్నారు. ఆమె బోర్డుల్లోకి మెమొరీ చిప్పులు ఎంచే ఇంజనీరు. అతను ఆ చిప్పులు అమ్మడానికి వచ్చినవాడు, ఒకప్పుడు ఆమె బాసు. బల్ల మీద పరీక్షకు వాడే వేడి పెట్టె.

“అలా నిలబడ్డారేం సార్, కూర్చోండి. ఫ్యాను మీ వైపు తిప్పుతాను.”

“పర్లేదు మేడం.”

“మేడమా? ‘ఓ అమ్మాయ్’ అని గది దద్దరిల్లేలా పిలిచేవారుగా.”

“అప్పుడేదో... మా చిప్పు పరీక్ష ఏమైంది?”

“చల్లగా ఉన్నంతసేపూ గుర్రమే. వేడెక్కితే తడబడుతోంది. బోర్డు క్లాక్ తాళం వేసిన క్షణానికి జవాబు అందించడం లేదు.”

“ఎంత ఆలస్యం?”

“రవ్వంత.”

“రవ్వంతేగా. మా పట్టికలో మామూలు విలువ చూడండి, గది వేడికి రాసింది, సరిపోతుంది. ఈ ఆర్డరు పోతే నన్ను ఉంచరు మేడం.”

“మామూలు విలువ. మీ కింద పనిచేసినప్పుడూ ఇదే మాట. వేడికి ఎంత దిగజారుతుందో ఆ విలువ చూద్దామంటే, పిరికిదాన్నన్నారు. ఎండలు ముదరగానే మనం చేసిన బోర్డులు వరసగా ఆగిపోయాయి. మీటింగులో ఎవరి వైపు వేలు చూపించారు?”

“అవన్నీ ఇప్పుడెందుకు...”

“ఎవరి వైపు సార్?”

“నీ వైపే. వదిలెయ్యమ్మా.”

“వదిలేశాను. మీ మాటే వింటాను. మామూలు విలువ చూసే సంతకం పెడతాను. మీ చిప్పు పెట్టే ఈ బోర్డు ఎందులోకి వెళ్తుందో అడగరే?”

“ఎందులోకి?”

“నెలలు నిండని పసివాళ్ళను పడుకోబెట్టే పెట్టెలోకి. వాళ్ళ ఊపిరి కనిపెట్టేది ఇదే. లోపలెప్పుడూ వెచ్చగానే ఉంచాలిగా. సంతకం పెట్టనా?”

“ఆగు.”

“ఆర్డరు మీదే సార్. పెట్టేస్తున్నా.”

“పెట్టకు. నా చిప్పు తీసెయ్.”

“మరి ఉద్యోగం?”

“పోతే పోనీ. తీసెయ్యమంటున్నాగా. మామూలు విలువ నమ్మి ఎంచకూడదు. అప్పుడూ ఎంచకూడదు. నువ్వు చెప్తూనే ఉన్నావు, నేనే వినలేదు. తప్పు నాది.”

“ఇంకోసారి.”

“నాదే. నీది కాదు.”

“ముందు కళ్ళు తుడుచుకోండి. తర్వాత ఈ పెట్టె మూత తీసి చూడండి. తడబడుతోందని ఊరికే అన్నాను; మీ చిప్పు రెండ్రోజులుగా ఇందులో ఉడుకుతోంది, ఒక్క తప్పూ చెయ్యలేదు. సంతకం నేను పొద్దున్నే పెట్టేశాను సార్.”