ఊరికే

గుమ్మఘట్ట అవతల ఒక ఊరు, 2003 సెప్టెంబరు, మధ్యాహ్నం. చేన్ల నుంచి ఊళ్ళోకి వచ్చే దారి పక్కన బయమ్మ ఇల్లు. ముందుగదిలో మూడు నెలలుగా ఉంటున్న స్కాట్లండు టీచరు మోయిరాను ఊరంతా మారెక్క అంటుంది. ఆమె పెట్టె సర్దుకుంటోంది. బయమ్మ గడపలో కూర్చుని ఉంది.

"ఆ దుప్పటి నీది కాదు, నాది."

"తెలియును బయమ్మగారూ. మీకు తిరిగి ఇచ్చుటకు మడతపెట్టుచున్నాను."

"ఇచ్చుటకు. రేడియోలో వార్తలు చదివే ఆయప్ప కూడా ఇట్ల మాట్లాడడమ్మా. ఎవరు నేర్పిచ్చిరి నీకీ తెలుగు?"

"పుస్తకము. మా ఊరి గ్రంథాలయములో ఒకే ఒక తెలుగు పుస్తకము ఉండెను. నూరేండ్ల క్రిందటిది."

"అందుకే మా జేజి మాదిరి మాట్లాడతావు. నీ ముందర కూర్చుంటే నేనే చిన్నపిల్లననిపిస్తాది."

"బస్సు ఎన్ని గంటలకు?"

"ఏం బస్సు?"

"రాయదుర్గం బస్సు. నేను మూడవసారి అడుగుచున్నాను."

"రెండుకంటారు. వస్తే వస్తాది. టైరు పంచరైతే రాదు. డ్రైవరు పెండ్లాంతో కొట్లాడింటే రాదు. అయినా మంగళవారం పూట పయనమేంది? మంగళవారం ఎవరూ ఊరు దాటరు."

"నిన్న సోమవారము కూడా ఎవరూ ఊరు దాటరని చెప్పారు."

"సోమవారం వేరే కత. రేపు పో."

"బుధవారమునకు ఏమి చెప్పెదరు?"

"దానికింకా ఆలోచన చేయలా. సంవత్సరానికని వచ్చి మూన్నెళ్ళకే పోతే హెడ్మాస్టరు ఈరప్ప ఏమంటాడు?"

"ఆయనకు సంతోషము. నా వలన పిల్లలు చెడిపోయిరని అంటున్నారు."

"ఆ 'అయ్' గలాటానా?"

"మా దేశములో 'ఎస్' అనుటకు 'అయ్' అందుము. తరగతిలో అలవాటుగా అన్నాను. పిల్లలు పట్టుకొన్నారు."

"పట్టుకున్నారు. ఈరప్ప హాజరు పిలిస్తాంటే నలభై మందీ 'అయ్ సార్, అయ్ సార్' అని అరిచినారంట. ఎద్దుల్ని అదిలిచ్చినట్ల నన్ను అదిలిస్తాండారు అని ఆయప్ప ఏడ్చినాడంట పాపం."

"ఏడ్వలేదు. కండ్లద్దాలు తుడుచుకొన్నారు."

"రెండూ ఒకటేలే. అయితే ఈరప్పకు భయపడి పోతాండావా?"

"కాదు."

"వాన మాటకా? ఆ దినం వానొస్తే ఊరంతా బయట నిలబడి మొగం పైకెత్తుకోని తడుస్తాంటే, నువ్వు గొడుగేసుకోని 'ఛీ, మళ్ళీ వానా' అంటివి. ఆ పొద్దు నుంచి చినుకు లేదు. కొందరికి ఇంకా కోపమే."

"అందరినీ క్షమాపణ అడిగాను. మేఘమును కూడా అడిగాను."

"అది వినలేదులే. మరి సంగటి దిగలేదా? ఊరగాయ కారమా?"

"ఊరగాయ అనగా ఊరి కాయ కాదని మొన్ననే తెలిసినది. ఆ ఒక్క మాట అర్థమగుటకు మూడు నెలలు పట్టెను. కాని అది కారణము కాదు."

"మరేందమ్మా? నోరు తెరిచి చెప్పు. లేకుంటే ఈ గడపలోనుంచి లెయ్యను నేను."

"నాకు ఇక్కడ స్నేహితులు లేరు. అదియే కారణము."

"నేనుంటి గదా."

"మీరున్నారు. మీరు కాక. మూడు నెలలుగా సాయంత్రములు ఆ అరుగు మీద కూర్చుని దారి చూచితిని. చేన్ల నుంచి వచ్చువారు అందరూ ఆగుదురు. నవ్వుదురు. నీళ్ళు తాగుదురు. ఒక్కరైనా నా కొరకు రాలేదు. వారి దారిలో వారు వెళ్ళుచు ఆగుదురు, అంతే."

"అంతేనా?"

"మా అమ్మ ఉత్తరములో స్నేహితుల పేర్లు వ్రాయమని అడిగినది. మొదట మీ పేరు వ్రాసితిని. తరువాత ఎంతసేపు ఆలోచించినను మరొక పేరు రాలేదు. మీ గేదె పేరు వ్రాసితిని."

"ఆ ఎనుముకు పేరే లేదే."

"ఉన్నది. ఆగ్నెస్. మా మేనత్త పేరు."

"మీ మేనత్తకు తెలిస్తే నిన్ను ఇడిసిపెడతాదా?"

"బయమ్మగారూ, నేను నవ్వుట లేదు. ఇక్కడ నాకు చాలా ఒంటరిగా ఉన్నది. నా దేశములో ఎవరితోనూ ఇంత మాట చెప్పి ఉండను."

"తెలుస్తానే ఉండాది. ఇంద, ఈ శెనక్కాయలు పెట్టుకో పెట్టెలో. నువ్వు పోతే ఆ ఎనుము కూడా దిగులు పడతాది. నువ్వు నేర్పిన ఇంగ్లీషు దానికి బాగా వస్తాది. 'సిట్ డౌన్' అంటే కూర్చుంటాది."

"మీరు చెప్పకపోయినను అది కూర్చొనును."

"చెప్పినప్పుడు కూర్చుంటే చెప్పినందుకే కూర్చునిందనుకోవల్ల. టీచర్లందరూ అట్లనేగదా బతికేది."

"బయమ్మక్కా, ఉండావా?"

"అగో, పుల్లన్న. ఏమప్పా, మేకల్నిడిసిపెట్టి ఇంత ఎండలో వస్తివి? ఏం పని?"

"పనేం లేదక్కా. ఊరికే వచ్చినా."

"చూచితిరా బయమ్మగారూ?"

"ఏం జూడల్ల?"

"ఆయన కూడా అదే మాట. మంచిది పుల్లన్నగారూ. ఊరు అటు ఉన్నది. దారిలో ముండ్లు ఉన్నవి, జాగ్రత్తగా వెళ్ళండి."

"ఇదో, మళ్ళ తరిమె. నేనేం తప్పు జేస్తినక్కా? వచ్చినప్పుడల్లా ఊరు ఆ పక్క ఉండాదని చెయ్యి చూపిస్తాది ఈయమ్మ. నేను పుట్టింది ఆ ఊర్లోనే గదా. నాకు దావ తెలీదా?"

"నేను తరుమలేదు. ఊరికే వచ్చితినని మీరే చెప్పితిరి. అందుకే దారి చూపితిని."

"ఊరికే వచ్చినోనికి ఎవరన్నా దావ చూపిస్తారా? ఊరికే అంటే..."

"పుల్లన్నా, నీ మేకలు బాలప్ప చేన్లో పడతాయి. పో."

"కట్టేసే వచ్చినాలే అక్కా. ఊరికే అంటే..."

"పో అంటాంటే అర్థం గాదా నీకు?"

"ఆయనను పంపకండి. పుల్లన్నగారూ, ఒక్క సంగతి అడిగెదను. మీరు ఎన్నో మార్లు ఇక్కడ ఆగితిరి. ప్రతిసారీ ఊరికే అన్నారు. ఒక్కసారైనా టీచరు ఇంటికి వచ్చితినని ఎందుకు అనలేదు?"

"అక్కా, ఈయమ్మ ఏమడుగుతాందో నాకు తెలీలేదు."

"తెలీకుంటే మంచిదే. పోయి నీ పని జూసుకో."

"అగో అక్కా, హారను. బస్సు మలుపుకాడికొచ్చినట్లుండాది."

"అయితే నేను వెళ్ళెదను. బయమ్మగారూ, నాకు అన్నము పెట్టితిరి, సంగటి ముద్ద మింగుట నేర్పితిరి. మరువను. సెలవు."

"కూర్చో."

"బస్సు వచ్చుచున్నది కదా."

"కూర్చోమంటి. పుల్లన్నా, చెప్పు. ఊరికే అంటే ఏమో ఆయమ్మకు చెప్పు."

"ఇప్పుడే గదక్కా నోరు మూసుకోమంటివి?"

"ఇప్పుడు తెరవమంటాండా. చెప్పు."

"ఏముందమ్మా, ఊరికే అంటే ఊరికేనే. పనేం లేకుండా అని. దానికీ ఊరికీ ఏం సమ్మందం లేదు."

"ఊరికి కాదా?"

"కాదు."

"ఊరగాయ వలెనా?"

"ఊరగాయ యాడ నుంచి వచ్చె మధ్యలో?"

"పని లేనప్పుడు మరి వచ్చుట ఎందుకు?"

"మనిషిని జూసేకి. ఉండాదా, తినిందా, నవ్వుతాందా అని. రోంతసేపు కూర్చోని పోదామని."

"ఏ మనిషిని?"

"నిన్నేనమ్మా. బయమ్మక్క ఎనుమును జూసేకి ఎవరొస్తారు?"

"అయితే మిమ్మల్ని చూచుటకు వచ్చితినని చెప్పవచ్చును కదా."

"అట్లెట్ల చెప్తారమ్మా, మొగం మీద? సిగ్గు గాదా? అందుకే ఊరికే అనేది."

"పుల్లన్నగారూ, ఆంజినమ్మ జొన్నరొట్టెలు తెచ్చినది. ఏమి సంగతి అని అడిగితిని."

"ఊరికే అనిందా?"

"అవును. ఊరిలో ఎవరికో తీసుకొనిపోవుచున్నదని అనుకొన్నాను. త్వరగా వెళ్ళుము, చల్లారిపోవును అన్నాను."

"అమ్మా తల్లీ. మూడుసార్లు తెచ్చిందంట. అందుకే నీ పేరెత్తితే ఆంజినమ్మ మెటికలు ఇరుస్తాది. చానా గర్వమమ్మా ఆమెకు అంటాది."

"మల్లీశ్వరి పసిబిడ్డను ఎత్తుకొని వచ్చినది. ఊరికే అన్నది."

"ఆ బిడ్డకూ దావ చూపిస్తివా?"

"చూపితిని. బిడ్డకు చేయి ఊపితిని కూడా. నా తల ఎక్కడ దాచుకొనవలెను? అందరూ నా కొరకే వచ్చిరి. అందరినీ నేనే పంపివేసితిని."

"ఏం గాదులే తల్లీ. నేను ఊర్లోకి పోయి చెప్తా. ఇది జెప్తే నవ్వీ నవ్వీ సస్తారు, కోపమంతా దాంట్లోనే పోతాది. సాయంత్రానికి జూడు, ఈ అరుగు పట్టరు జనం. బయమ్మక్కా, నీ ఇంటికి జనమొచ్చేది నీకూ కొత్తే గదా."

"నా తావకెప్పుడూ జనమే. ఓట్లప్పుడు జీపులు దావ పట్టవు."

"అది పనుండి వచ్చేదక్కా. ఊరికి పెద్దదానివని ఓటుకో, సంతకానికో, నీ బోరు నీళ్ళకో. ఊరికే ఎవరొస్తారు నీ తావకు? నీ నోటికి భయపడి నేనే మారెక్క వచ్చినాకనే ఈ అరుగెక్కింది."

"అయిపోయిందా నీ ఉపన్యాసం?"

"అయిపోయె. రోడ్డుకాడ పోయి బస్సు ఆపమందునా, వద్దందునా? ఏదో ఒకటి చెప్పండి."

"ఆపమనప్పా, పోయేవాళ్ళను పోనీ."

"ఒక్క నిమిషము ఉండండి పుల్లన్నగారూ."

"మీరు తేల్చుకునేంతలో నేను డ్రైవరుకు బీడీ ఇచ్చి నిలబెడతా. పోతాండా."

"బయమ్మగారూ."

"ఏంది?"

"ఆంజినమ్మ రొట్టెలు తెచ్చినప్పుడు మీరు ఇక్కడనే ఉన్నారు."

"ఉంటి. నా ఇల్లు గదా."

"అరుగు మీద. ఆకూవక్కా నములుచు."

"నమిల్తే తప్పా?"

"ఊరు అటు ఉన్నదని నేను చెప్పినప్పుడు మీరు నవ్వితిరి."

"నవ్వొస్తే నవ్వరా?"

"అనగా నేను ఏమని అనుకొనుచున్నానో మీకు తెలియును."

"శెనక్కాయలు పెట్టుకొంటివా? పైన పెట్టు, అడుగున పెడితే నలుగుతాయి."

"ఎప్పటి నుండి తెలియును?"

"ఏమో. మొదటి వారం. కాదు, రెండో వారం. అంతకు ముందర నువ్వు ఎగతాళి చేస్తాండావనుకొంటి."

"రెండవ వారము నుండి. మరి నేను ఎవరూ రారని దిగులుపడుచుంటే మీరు చూచుచుంటిరి."

"చూస్తాంటి."

"అందరూ వెళ్ళిపోయిన తరువాత మీరు నా పక్కన వచ్చి కూర్చొనెడివారు. ప్రతిదినము. మీ పెండ్లి సంగతులు, మీ ఆయన బావి తవ్విన సంగతి, అన్నీ చెప్పెడివారు. వినుటకు నేను ఒక్కతెనే ఉంటిని."

"నా అరుగు. నా కతలు. చెప్పుకుంటా."

"నేను పోవుదునని తెలిసిన తరువాత కూడా పుల్లన్నను వెళ్ళగొట్టితిరి."

"మళ్ళ నేనే చెప్పమంటి గదా. అది లెక్కలోకి రాదా? అగో, హారను మీద హారను కొడతాండాడు. పోతే పో."

"పోను. పెట్టె క్రింద పెట్టితిని, చూడండి. కాని నాకు జవాబు కావలెను. ఒక్క మాట చెప్పి ఉంటే చాలును కదా. ఎందుకు చెప్పలేదు?"

"సంగటికి నీళ్ళు పెట్టల్ల. పొద్దు పోతాంది."

"ఎందుకు చెప్పలేదు, బయమ్మక్కా?"

"ఊరికే."