తెరవని మెయిల్

అనంతగిరి కాఫీ సంఘం గదిలో ఒక పెద్దావిడకు, కొత్త పంట వచ్చిందని కొనేవాళ్లకు మెయిల్ పంపడం నేర్పుతోంది విశాఖ నుంచి వచ్చిన అమ్మాయి.

"ఎంతమంది తెరిచారో చెప్పేదే ఓపెన్ రేటు అమ్మా. తెరవనివాళ్లని లిస్టులోంచి తీసెయ్యాలి."

"మిగతావోళ్లని తీసెయ్యి గానీ, ఆ మొదటి పేరు ఉంచు తల్లీ."

"ఏడాదిగా ఒక్కటీ తెరవలేదు. ఎవరిది?"

"మా కూతురు గుంటది. ఈ లిస్టు అదే రాసినాది."

"ఇప్పుడెక్కడుంది?"

"నిరుడు కొత్తల పండగకి ముందే జొరమొచ్చి పోనాది."

అమ్మాయి మౌస్ వదిలి ఆవిడ వైపు తిరిగింది.

"మరి తనకెందుకమ్మా పంపడం?"

"కొత్తల పండగకి కొత్త పంట ముందు పోయినోళ్లకి పెట్టకుండా మనం ముట్టుకుంటామేటి?"

"అయితే ముందు తనకొక్కదానికే పంపుదాం. మిగతావాళ్లకి తరవాత."

"పంపు. తెరిసిందో లేదో మాత్రం నాకు సెప్పకు తల్లీ."