తమ్ముడి కాళ్ళాడించిన చౌడమ్మ

బుచ్చిలింగం ఎవురి గడపా ఎక్కేవోడు కాదు. మగ్గం గుంటలో కాళ్ళు దించి కూకున్నాడంటే పొద్దుగూకిందాకా లేచేది లేదు, నోట్లో చుట్ట ఆరేది లేదు. అప్పట్లో మన సాలెవీధి ఎట్టా ఉండేదనుకున్నారు? తెల్లారేసరికి ఈ కొస నించి ఆ కొసదాకా టకాటకా మగ్గాలే. పక్కింటోళ్ళతో మాట్టాడాలన్నా అరవాల్సిందే. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొచ్చినట్టుంటది. సరే, ఈ బుచ్చిలింగం యాభై దాటాక, ఏమైందంటే, ఉన్నట్టుండి మంచోడైపోయాడంట. వీధిలోకొస్తే నాలుగిళ్ళకోసారి ఆగి, అరుగుమీద చెయ్యేసి, ఏం వదినా, కూరేం చేశావ్, పిల్లోడికి జొరం తగ్గిందా, అనేవోడు. మనిషికి బుద్ధొచ్చిందని వీధంతా మురిసిపోయింది. బుద్ధీ లేదు గిద్దీ లేదు. నాలుగిళ్ళు నడిచేసరికి పిక్కలు పట్టేసి ప్రాణం పోతుంటే, నిలబడ్డానికి సాకు కావాలిగా మరి. కాసేపు నిలబడితే నొప్పి తగ్గుద్ది, మళ్ళా నాలుగిళ్ళు. రానురాను మగ్గం మీద కూడా నాలుగు తొక్కులు తొక్కితే పిక్క పట్టేసేది. అది ఎవురికీ చెప్పలా.

కనిపెట్టింది ఎవురంటే, వాళ్ళక్క చౌడమ్మ. వాడికంటే పన్నెండేళ్ళు పెద్దది. తల్లి పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. మొగుడు పోయి ఆమె, పెళ్ళాం పోయి వాడు, ఒక ఇంట్లోనే ఉండేవోళ్ళు. ఓరోజు పడుకున్నోడికి దుప్పటి కప్పబోతే వాడి పాదం తగిలింది, కుండలో నీళ్ళలాగా చల్లగా. బొటనేలు నల్లబడుంది. పట్నం తీసుకుపోయింది. కాల్లోకి నెత్తురు పోయే గొట్టాలు పూడిపోయినయ్యయ్యా అన్నాడంట డాక్టరు. చుట్ట మానెయ్, మందులు మింగు, రోజూ నడువు. నడవలేను సామీ అన్నాడు వీడు. 'అయితే నువ్వు ఊరకే కూకో, ఇంకోళ్ళు నీ కాళ్ళు ఆడించాలి. పాదం పైకీ కిందకీ, రోజుకు మూడు పూటలా. ఎవురాడించినా సరే, కాలు ఆడితే నెత్తురు పారుద్ది. నెల చూస్తా. తగ్గలేదా, కాలు తీసెయ్యాల్సిందే.' సాలోడికి కాలు తీస్తే ఇంకేం మిగులుద్ది, చెప్పండి.

ఇంటికొచ్చి చౌడమ్మ వాడి కాళ్ళ దగ్గర కూకోబోతే, ముడుచుకున్నాడంట. 'పెద్దదానివి, తల్లి లెక్క. నువ్వు నా కాళ్ళు ముట్టుకుంటే నాకు పుట్టగతులుండవే అక్కా. పోతే పోయింది కాలు.' 'ముడ్డి కడిగినప్పుడు లేని పాపం ఇప్పుడొచ్చిందంట్రా?' అంది ఆమె. ఇన్లా. మొండోడు రాజుకన్నా బలవంతుడంటారుగా. మూడ్రోజులు ఆమె అన్నం ముట్టలా, వాడు కాళ్ళు చాపలా. నాలుగోరోజు పొద్దున లేచి, మగ్గంలో కూకో అందంట. గుంటలో కాళ్ళు పెట్టి తొక్కే చెక్కలు రెండుంటయ్యే, వాటికి చెరో తాడు కట్టింది. వాడి పాదాలు పాతగుడ్డతో చెక్కలకు వదులుగా కట్టుకోమంది. ఎదురుగా గోడకానుకుని కూకుని తాళ్ళు లాగింది. ఇది లేస్తే అది దిగుద్ది, అది లేస్తే ఇది. 'నేను చెక్కల్ని లాగుతున్నా, నిన్ను ముట్టుకోటంలా. ఇప్పుడేం పాపంరా నీకు?' వాడు నవ్వబోయి ఏడ్చేశాడంట. చిన్నప్పుడు చెక్కలకు కాళ్ళందక ఏడుస్తుంటే ఇట్టాగే లాగేదానివే అక్కా, అని.

ఇంక అది మొదలు పొద్దున, మధ్యాన్నం, సాయంత్రం. ముసల్ది, అరిచేతులు బొబ్బలెక్కినయ్. చుట్టలన్నీ పొయ్యిలో పెట్టింది. గడువు నాలుగు రోజులుందనగా, మధ్యాన్నంపూట అనుకోండి, చెక్కలు ఆడతా ఉన్నయ్. వాడెందుకో తలెత్తి చూస్తే చౌడమ్మ నిద్రపోతా ఉంది. తాళ్ళు ఒళ్ళో పడున్నయ్. మరి ఆడించేదెవురు? గుంటలోకి చూసుకున్నాడంట. వాడి కాళ్ళే. అక్కా అని పిలవబోయి ఆగాడు. నెలరోజుల్నించి ఆమె కంటినిండా నిద్రపోయింది లేదు. చప్పుడాగితే లేస్తదని ఆపలా. పిక్కలు లాగుతున్నా ఆపలా. ఆమె లేచిందాకా కళ్ళు తుడుచుకుంటా తొక్కుతానే ఉన్నాడంట.

బొటనేలు పోయింది, కాలు నిలిచింది. మందులన్నాడు డాక్టరు, తాడంది వీధి. చుట్ట మానబట్టే అన్నోడు ఎవురనుకున్నారు, చుట్టలమ్మే కోటిలింగమే. అన్నీ నిజమేనేమో, నాకేం తెలుసు. నాకు తెలిసిందల్లా, ఆ మధ్యాన్నం సంగతి బుచ్చిలింగం అక్కకి చెప్పనేలేదు. కాలు బాగై వీధులు తిరుగుతున్నా, ఆమె బతికున్నన్నాళ్ళూ మూడు పూటలా వచ్చి, పాదాలకు గుడ్డ చుట్టుకుని కూకునేవోడు. ఆమె లాగేది. లాగకపోతే తమ్ముడి కాలు ఏమైపోద్దోనని ఆమె బెంగ. లాగనియ్యకపోతే అక్క ఏమైపోద్దోనని వాడి బెంగ.